ఈ ఫర్ ఈగ

ఆ రోజు నన్ను కూర్చోబెట్టింది పిల్లల కుర్చీలో. ఆ సంగతి ముందు చెప్పి మిగతాది తర్వాత చెబుతాను. ఎందుకంటే మా ఇంట్లో ఈ కథ ఎవరు చెప్పినా కుర్చీని వదిలేస్తారు.

అమీర్‌పేటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక ప్లే స్కూలు ఉంది. అప్పటికి మా మనవరాలికి నాలుగేళ్లు నిండాయి. స్కూలు మేడం మాట్లాడాలని పిలిస్తే నా కొడుకు, కోడలు, నేను పోయాం. పెద్దవాళ్లు కూర్చునే కుర్చీలు రెండే ఉన్నాయి. వాటిలో వాళ్లిద్దరూ కూర్చున్నారు. నాకు పచ్చరంగు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి వేశారు. దాని వీపు మీద కుందేలు బొమ్మ. కూర్చుంటే నా మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అంత కింద ఉన్న మనిషికి ఎవరూ మర్యాద ఇవ్వరు. మేడం కూడా ఇవ్వలేదు. నా తల మీదుగా మా కోడలితో ఇంగ్లిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది.

నాకు అర్థం కాదనుకుంది. మాట్లాడటం రాదు, నిజమే. అర్థం మాత్రం బాగానే అవుతుంది. మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ఇంగ్లిష్ టైపిస్టులకు ఫ్యాను కింద సీటు, తెలుగు టైపిస్టుకు రికార్డు రూము తలుపు పక్కన సీటు ఇచ్చిన ఆఫీసు అది. వాళ్ల ఫ్యాను గాలికి నా కాగితాలు ఎగిరేవి, నా చెమట మాత్రం ఆరేది కాదు. నా గురించి ఇంగ్లిష్‌లో ఎవరేమంటున్నారో పసిగట్టడం అక్కడే నేర్చుకున్నాను.

మేడం చెప్పిన దాని సారం ఇది. పాప తెలివిగలదే, కానీ భాషలన్నీ కలిసిపోయి గందరగోళంగా ఉంది. అక్షరాలు చెప్పమంటే ఏదేదో చెబుతోంది. ఏనుగు బొమ్మ చూపిస్తే ఈగ అంటోంది.

"ఈగా?" అన్నది మా కోడలు.

"ఎస్ మమ్మీ. ఎలిఫెంట్ చూపిస్తే ఈగ. ఎన్నిసార్లు చూపించినా ఈగే. క్లాసంతా నవ్వుతున్నారు. మొన్న యూ ఫర్ అంబ్రెల్లా చెప్పిస్తుంటే యూరియా అంది. అసలు ఆ మాట పాపకి ఎవరు చెప్పారు? ఇంట్లో ఎక్కువసేపు ఎవరుంటారు పాపతో?"

కొడుకూ కోడలూ ఇద్దరూ కిందికి చూశారు. కింద నేనున్నాను.

"ఓ. గ్రాండ్‌మదర్," అన్నది మేడం, చెదలు ఎక్కడ పట్టిందో చివరికి దొరికినట్టు.

యూరియా నేను చెప్పలేదు. ఊళ్లో వ్యవసాయం చేసే నా తమ్ముడు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి మాట్లాడతాను. ఆ సీజన్‌లో వాడి నోట యూరియా తప్ప మరో మాట రాదు. పిల్ల విని పట్టుకుంది. ఆ ముక్క చెబుదామని లేవబోయాను. ఆ కుర్చీ నాతోపాటే లేచింది. దాన్ని వదిలించుకునేలోపు మేడం తన సలహా చెప్పేసింది.

ముందు ఒక భాష గట్టిపడాలట. అందుకని ఇంట్లో ఇంగ్లిష్ తప్ప మరో మాట వినిపించకూడదట. పంజాగుట్టలో పెద్ద స్కూల్లో ఎల్‌కేజీ సీటు కోసం పాపను తీసుకుపోయే రోజు దగ్గరపడింది కదా, అక్కడ ఏనుగును ఈగ అంటే అంతే సంగతులట. "అప్పటిదాకా గ్రాండ్‌మదర్ కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. లేదంటే కొంచెం తక్కువ మాట్లాడితే బెటర్."

తక్కువ మాట్లాడితే బెటర్. మా అత్తగారు కూడా నన్ను ఆ మాట అనలేదు. అనాలని ఉండేది, కానీ అనలేదు.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు పాప నా వేలు పట్టుకుంది. కొడుకూ కోడలూ ముందు నడుస్తూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను పాపనే అడిగాను.

"బిడ్డా, ఏనుగును ఈగ అన్నవట, ఎందుకు?"

"నేనేం అనలే. మిస్ 'ఈ ఫర్?' అని అడిగింది. ఈ అంటే ఈగ గదా బాపమ్మ."

"మరి ఏనుగు?"

"ఏనుగుకు ఏ. గాళ్లు ఏ దగ్గర ఆపిల్ పెట్టిండ్రు, ఈ దగ్గర ఏనుగును పెట్టిండ్రు. తప్పు పెట్టిండ్రు. మిస్‌కు చెప్పిన. ఇనలే."

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. నేర్పింది నేనే, దాచడానికేముంది. పళ్లెంలో బియ్యం పోసి వేలితో అచ్చులు దిద్దించాను. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఈ అంటే ఈగ, ఏ అంటే ఏనుగు. ఆ తర్వాత స్కూల్లో ఇంగ్లిష్ అక్షరాల పేర్లు చెప్పారు. పిల్ల ఏం విన్నది? ఏ, ఈ, ఐ, ఓ. ఇవన్నీ మా బియ్యం పళ్లెంలోవే! ముందే ఎరిగున్న వాళ్లు కొత్త బట్టలేసుకొని వచ్చినట్టు అనిపించి ఉంటుంది. అందుకే మిస్ 'ఈ' అనగానే బొమ్మ వైపు చూడనేలేదు. చెవి చెప్పింది నమ్మింది. ఆ లెక్కన మిగతావి కూడా అడిగి చూశాను. బీ అంటే బీరకాయ. సీ అంటే సీతాఫలం. జీ అంటే జీలకర్ర. డబ్ల్యూ అంటే డబ్బా. ఒక్కటి తడబడలేదు.

ఇదంతా ఇంటికి రాగానే కొడుక్కి చెప్పాను. వాడు నవ్వాడు. "లాజిక్ మస్తుంది అమ్మా. కానీ స్కూల్లో గది నడవదు గదా."

"నడవదంటే? పిల్ల కరెక్ట్ చెప్పింది. చార్టు తప్పుంది."

"అత్తయ్యా, చార్టు ప్రపంచమంతా అదే ఉంటుందండీ," అన్నది కోడలు. ఆమెది విజయవాడ వైపు. మర్యాదగా మాట్లాడుతూనే మనిషిని నోరెత్తకుండా చేయగలదు. ప్రపంచమంతా తప్పు పెడితే తప్పు ఒప్పవుతుందా అని అడిగాను. 

వాళ్లు నా మాట నమ్మలేదనడానికి రుజువు, ఆ శనివారం పాపను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఏనుగుకూ ఈగకూ తేడా కనిపించడం లేదేమోనని. డాక్టరు చాలాసేపు చూసి కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు. వచ్చేటప్పుడు పాప ఆయన గోడ మీది చార్టు చూపించి, "గీడ సుత 'ఈ' పెద్దగ రాసిండ్రు, ఈగను మాత్రం పెట్టలే," అన్నది.

సోమవారం నుంచి నిషేధం మొదలైంది. పెద్ద స్కూలు పని అయ్యేదాకా పాపతో తెలుగు మాట్లాడకూడదు. కొడుకు ఈ మాట నాకు చెప్పేటప్పుడు నా మొహం వైపు కాకుండా ఫ్రిజ్ వైపు చూశాడు.

"కొన్ని రోజులే అమ్మా. ఫికర్ చేయకు. అలవాటైతది."

"నాకు ఇంగ్లిష్ రాదని తెల్వదా నీకు?"

"చిన్న చిన్న మాటలు. కమ్, గో, ఈట్..."

"కుక్కకు చెప్పినట్టా?"

మళ్లీ ఫ్రిజ్ వైపు చూశాడు.

పాప ఏమీ తెలియక కలగాపులగంగా మాట్లాడుతోందని వాళ్లు అనుకున్నారు కదా, ఒక్కటి చెబుతాను. ఆ పిల్ల వాళ్ల అమ్మతో 'ఏంటి' అంటుంది, నాతో 'ఏంది' అంటుంది. అమ్మతో 'ఇక్కడికి రా', నాతో 'గీడికి రా'. విజయవాడ అమ్మమ్మ వీడియోలో కనిపిస్తే 'తిన్నావా' అంటుంది, అదే నోటితో నా వైపు తిరిగి 'తిన్నవా' అంటుంది. ఒక్కనాడూ ఒకరి మాట ఇంకొకరికి ఇవ్వలేదు. ఎవరి డబ్బాలో ఎవరిది వేయాలో తెలిసిన పిల్లకు గందరగోళం ఎక్కడ ఉంటుంది? ఇది కూడా చెప్పాను. "అవునా అత్తయ్యా," అన్నది కోడలు. ఆమె 'అవునా' అన్నదంటే వినలేదని అర్థం.

సరే, నేను నోరు మూసుకున్నాను. కమ్, గో అనడం కన్నా అదే నయం అనిపించింది. అన్నం తినమనడానికి చెయ్యి నోటి దాకా తీసుకుపోయి చూపించేదాన్ని. నీళ్లకు బొటనవేలు. స్నానానికి చెంబు. పాప మొదట ఆటనుకుంది. రెండో రోజు కింది వాటాలో ఉండే ఆవిడకు చెప్పేసింది, మా బాపమ్మ గొంతు ఖరాబైందని. సాయంత్రానికి ఆమె మిరియాల పాలు పట్టుకొని వచ్చింది. గొంతు బాగానే ఉందని ఆమెకు తెలుగులో చెప్పాను. అయితే పిల్ల అబద్ధం చెప్పిందా అని ఆమె ఆశ్చర్యపోయింది. మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది. ఆ పాలు నేనే తాగాను, చేసి తెచ్చింది కదా అని.

రూలు నాకే గట్టిగా ఉంది, వాళ్లకు కాదు. అది నేను గమనించాను. కొడుకు పొద్దున "ఈట్ ఫాస్ట్, ఈట్ ఫాస్ట్" అని మొదలుపెట్టి, స్కూలుకు ఆలస్యమవుతుంటే "జల్దీ తినవే తల్లీ" అనేవాడు. కోడలు ప్రేమగా ఉన్నంతసేపు ఇంగ్లిష్. పాప పాలగ్లాసు ఒలకబోసిందంటే "ఏంటే ఆ వేషాలు! ఒక్క దెబ్బ వేశానంటే!" అని అచ్చమైన కృష్ణా తీరం. మా ఇంట్లో కోపానికి ఇంగ్లిష్ రాదు. ఆ మాట నేను అంటే, "పొరపాటున వచ్చింది అత్తయ్యా," అన్నది. నాకు పొరపాటున కూడా రాకూడదు.

మొండితనం నాకు ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఇంగ్లిష్ అయితేనే మాట్లాడాలంటే ఇంగ్లిషే మాట్లాడి చూపిద్దామని ఒక మధ్యాహ్నం బయల్దేరాను. మేముండేది అమీర్‌పేట. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి మా సందుల్లో కోర్సులు నేర్చుకుంటారు. మెట్ల మీద, కరెంటు తీగల మీద, జ్యూసు బండి మీద, అన్నిచోట్లా ఇన్‌స్టిట్యూట్ల బోర్డులే. పాంప్లెట్లు పంచేవాళ్లు దారికడ్డంగా నిలబడి ప్రతి ఒక్కరి చేతిలో కాగితం పెడతారు. ఇన్నేళ్లుగా ఆ రోడ్డు మీద కూరగాయలకు పోతున్నాను, ఒక్కరంటే ఒక్కరు నా చేతిలో పెట్టలేదు. నా ముందు మనిషికి ఇచ్చి, చెయ్యి వెనక్కి తీసుకొని, నా వెనక మనిషికి ఇస్తారు. ఆ రోజు నేనే ఆగి చెయ్యి చాచాను.

"ఆంటీ, ఇది స్పోకెన్ ఇంగ్లిష్‌ది," అన్నాడు పంచే మనిషి.

"చదివే తీసుకుంటున్న. తెలుగులనే రాసిండ్రు గదా," అన్నాను.

ఉచిత డెమో క్లాసు మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయదు. గది నిండా ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు. నేను లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు, నేనే సారుననుకొని. ఆ కాసేపు బాగుంది. తర్వాత అసలు సారు వచ్చాడు. మెడలో మైకు తగిలించుకున్న చురుకైన మనిషి.

"ఆంటీ, మీ అబ్బాయి కోసం ఎంక్వయిరీకి వచ్చారా?"

"నా కోసమే."

"మీకెందుకు ఆంటీ ఈ వయసులో?"

"నా మనవరాలితో మాట్లాడనీకి."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లలు మంచివాళ్లు. సారు పాఠం మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ రాకపోవడానికి ఒకే కారణమట: మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటామట. "ఈ క్షణం నుంచి ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి," అని అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. ఇంగ్లిష్‌లో ఆలోచించడానికి కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఎండాకాలం నల్లా తిప్పినట్టు కాస్త గాలి చప్పుడు, అంతే. కొద్దిసేపటికి పొయ్యి కట్టేశానా లేదా అని ఒక ఆలోచన వచ్చింది, కానీ అది తెలుగులో వచ్చింది. కళ్లు తెరిచి లేచి వచ్చేశాను. పొయ్యి కట్టేసే ఉంది.

ఆ క్లాసులో దొరికిన ఒక్క వాక్యంతో పాప స్కూలు నుంచి రాగానే ఎదురుపోయాను. "హౌ వాజ్ యువర్ డే?" మెట్లు దిగేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు అనుకుంటూ వచ్చిన వాక్యం.

పాప నా మొహం చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"బాపమ్మ, గట్ల మాట్లాడకు. నువ్వు మిస్ అవుతున్నవ్."

నేను మిస్‌గా మారిపోతున్నానని దాని భయం. స్కూల్లో మిస్ ఉంది, ఇంట్లో అమ్మ మిస్ అయింది, నాన్న మిస్ అయ్యాడు, ఆఖరికి నేను కూడా. దానికి ఇంటికి రావడమంటూ లేకుండా పోయింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాలి. వారం తిరిగేసరికి పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. అంతకుముందు గేటు దగ్గర నుంచే మొదలయ్యేది. క్లాసులో ఎవరు వాంతి చేసుకున్నారు, ఎవరి టిఫిన్‌లో ఏముంది, ఇస్త్రీ బండి కింద కుక్క ఎందుకు పడుకుంది. మెట్లెక్కి, చెప్పులిప్పి, కాళ్లు కడుక్కునేదాకా ఆగేది కాదు. ఇప్పుడు గేటు దగ్గర నోరు తెరుస్తుంది, నన్ను చూస్తుంది, పైన బాల్కనీలో అమ్మ ఉందేమోనని చూస్తుంది, మూసుకుంటుంది. 'ఎస్', 'నో', 'వాటర్'. వాటితోనే రోజు గడిపేస్తోంది. ఇంగ్లిష్ పెరగలేదు. తెలుగు ఆగిపోయింది. బొమ్మలతో కూడా మాట్లాడేది కాదు, పక్కన వరసగా కూర్చోబెట్టుకొని ఊరకే చూసేది.

నాకు భయమేసింది. నాకు జరిగిన అవమానాన్ని పక్కన పెట్టాను. పూర్తిగా కాదు, కొంచెం పక్కన.

"పిల్ల మాట్లాడుతలేదు, చూస్తున్నవా?" అని కోడలిని అడిగాను.

"అలవాటు పడుతోంది అత్తయ్యా."

"అలవాటు కాదమ్మా. గా పిల్ల నోట్లె మాట ఉంది, పెట్టనీకి జాగ లేదు."

ఈసారి ఆమె 'అవునా' అనలేదు. గిన్నె కడుగుతూ ఆగి, పాప వైపు చాలాసేపు చూసింది. కానీ పెద్ద స్కూలు ఆ గురువారమే. ఇంత దూరం వచ్చాక ఇప్పుడు మార్చడం మంచిది కాదని కొడుకు అన్నాడు.

గురువారం నలుగురం పంజాగుట్ట పోయాం. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. పాప నా కొంగు పిడికిట్లో పట్టుకుంది. వదలమంటే వదల్లేదు. "నో" అన్నది. ఆ రోజు మొత్తానికి దాని మొదటి మాట. కొంగుతోపాటు నేను కూడా లోపలికి పోవాల్సి వచ్చింది. లోపల ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు, కాటన్ చీర. అందరికీ ఒకే రకం కుర్చీలు. అది చూశాను.

ఆవిడ ఇంగ్లిష్‌లో పేరడిగింది. పాప చెప్పలేదు. రంగులు చూపించింది. చెప్పలేదు. బంతి, పిల్లి, పువ్వు. నేల చూపులు. మా కోడలు చేతులు నలుపుకుంటూ, "ఇంట్లో బాగానే చెబుతుంది మేడం," అన్నది. అది అబద్ధం. ఇంట్లో కూడా చెప్పడం లేదు. మేడం పెద్దగా 'ఈ' అక్షరం ఉన్న అట్ట తీసింది. పక్కన ఏనుగు. "ఈ ఫర్?" అన్నది.

పాప అట్టను చూసింది. నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా, "బాపమ్మ, చెప్పొచ్చా?" అన్నది.

నాలుగేళ్ల పిల్ల తనకు తెలిసింది చెప్పడానికి నన్ను అనుమతి అడుగుతోంది. కొడుకు నా వైపు చూస్తున్నాడు. వద్దు అన్నట్టు కళ్లతోనే చెబుతున్నాడు. చూడనీ అనుకున్నాను.

"చెప్పు బిడ్డా. నీకేం తెలుసో మొత్తం చెప్పు," అన్నాను, గట్టిగా, తెలుగులో.

"ఈ ఫర్ ఈగ," అన్నది పాప.

కోడలు కళ్లు మూసుకుంది. పాప ఆగలేదు. కట్ట తెగినట్టే. "ఏ ఫర్ ఏనుగు. గీడ తప్పు పెట్టిండ్రు. బీ ఫర్ బీరకాయ, సీ ఫర్ సీతాఫలం, జీ ఫర్ జీలకర్ర, ఓ ఫర్ ఓడ..."

మేడం అట్ట కింద పెట్టింది. ముందుకు వంగింది. "యూ ఫర్?" అని అడిగింది.

"యూరియా."

మేడం కళ్లద్దాలు తీసి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, నాకు ఆ తేడా తెలుసు. తర్వాత ఆవిడ కూడా తెలుగులోకి వచ్చేసింది. "ఐ అంటే ఏంటమ్మా?" "ఐసు." "టీ అంటే?" "చాయ్," అన్నది పాప. మేడం మళ్లీ నవ్వింది.

తర్వాత మా వాళ్ల వైపు తిరిగి చెప్పింది. "పాప మాటలో మొదటి ముక్కని విడిగా వింటోందండీ. చదువు మొదలవ్వాలంటే కావాల్సింది అదే. ఏ భాషలో పట్టుబడినా రెండో భాషలోకి అదే పనికొస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి పేరొకటి, పలుకొకటి ఉంటాయి. తను పేరు పట్టుకుంది. పలుకు మేం నేర్పుతాం. మరి మొదట్లో అంత భయపడిందేంటి? ఇంట్లో ఏమైనా అంటున్నారా?"

కోడలు మెల్లగా నిషేధం సంగతి చెప్పింది.

"అయ్యో, ఎందుకు ఆపారు? ఇంట్లో ఎంత మాట్లాడితే అంత మంచిది. కథలు చెప్పండి. మీకు ఏది బాగా వస్తే అందులోనే చెప్పండి. సగం వచ్చిన భాషలో సగమే మాట్లాడతాం కదా పిల్లలతో."

కొడుకు తల ఊపుతున్నాడు, ఏదో కొత్త సంగతి తెలిసినట్టు. నేను ఇదే ముక్క మొదటి రోజు నడిరోడ్డు మీద తెలుసుకొని ఇంటికి వచ్చి చెబితే లాజిక్ మస్తుందని నవ్వాడు. ఇప్పుడు ఆవిడ చెబితే నిజమైంది. పైగా కథలు చెప్పమని ఆవిడ మా కోడలికి చెప్పింది. కథలు చెప్పే మనిషి పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ మంచి మనిషే, అయినా అది నాకు గుర్తుంటుంది.

సీటు వచ్చింది. బయటికి వచ్చాక కోడలు నా దగ్గరికి వచ్చింది.

"అత్తయ్యా, ఇంక మీరు మాట్లాడొచ్చు."

మాట్లాడొచ్చట. అనుమతి. వద్దంటే మూసుకొని, సరేనంటే తెరవడానికి ఇదేమన్నా కిటికీనా? నేను పలకలేదు.

"సారీ అత్తయ్యా," అన్నది.

అదొకటి. తెలుగు ఆపినందుకు క్షమాపణ ఇంగ్లిష్‌లో. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. కొడుకు, "అమ్మా, జర ఊకో ఇగ, అయిపోయింది గదా," అన్నాడు. ఊకోమంటే ఊకున్నా కదరా, అందుకే పలకడం లేదు, అందామనుకున్నాను. అంటే పలికినట్టవుతుందని అనలేదు. కనీసం వారం రోజులు పలకొద్దని నిర్ణయించుకున్నాను. తప్పు ఎవరిదో స్పష్టమైన తెలుగులో, నా మొహం చూసి, ఇద్దరూ చెప్పేదాకా.

ఆటోలతో గొడవెందుకని మెట్రో ఎక్కుదామన్నారు. ఒక్క స్టేషనే. ప్లాట్‌ఫాం మీద పాప నా చెయ్యి పట్టుకొని తల ఎత్తి బోర్డు చూస్తోంది. హల్లులు మేము ఇంకా సగం కూడా పూర్తి చేయలేదు. కానీ 'ప' దానికి తెలుసు, వంటింట్లో పప్పు డబ్బా మీద నేనే రాశాను.

"గది ప," అన్నది. "పప్పుది."

నేను పలకలేదు.

"గా పక్కన ఇంగ్లిష్‌ది పీ." కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది. "బాపమ్మ, గిది ఏ స్టేషన్?"

పంజాగుట్ట అని కొడుకు చెప్పాడు. పాప వాడిని అడగలేదు. నన్నే చూస్తోంది.

"ప... పంజాగుట్ట. గాడ ప రాసిండ్రు, గీడ పీ రాసిండ్రు. రెండూ ఒక్కటేనా బాపమ్మ?"

అలిగి ఉన్నానన్నది గుర్తుకు రావడానికి ముందే నా నోరు తెరుచుకుంది. "ఒక్కటే బిడ్డా! రెండు తీర్లుగ రాసిండ్రు, చప్పుడు ఒక్కటే!"

కోడలు మొహం పక్కకు తిప్పుకొని నవ్వడం నాకు కనిపించింది. కనిపించనీ. నేను పాపకు చెబుతున్నాను, ఆమెకు కాదు. ఆమెతో వారం వారమే.

రైలు వచ్చింది, ఎక్కాం, దిగాం. అమీర్‌పేటలో ఎప్పటిలాగే జనం. ఒక లైను నుంచి ఇంకో లైనుకు పరుగులు తీసేవాళ్లు. పాప ఆ జనం మధ్యలో టక్కున ఆగి బోర్డు చూపించింది.

"అ! అమ్మది! అ... అమీర్‌పేట!" తర్వాత పక్కన చూసింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "బాపమ్మ, పక్కన ఏ రాసిండ్రేంది? ఏమీర్‌పేటనా?"

"కాదు, అమీర్‌పేటనే."

"మరి ఏ ఎందుకు? తప్పు రాసిండ్రా?"

కొడుకు వంగి, "తప్పు కాదురా తల్లీ, ఇంగ్లిష్‌లో—" అని మొదలుపెట్టాడు.

"నువ్వు ఊకో," అన్నాను. "పిల్ల నన్ను అడిగింది." పాప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. "బిడ్డా, గా అక్షరం పేరు ఏ. కానీ ఒక్కోచోట అ అని పలుకుతది. పేరొకటి, పలుకుడు ఒకటి."

పాప ఆలోచించింది. ఒప్పుకున్నట్టు లేదు. "గట్లయితే మనకు ఎట్ల తెలుస్తది? ఎవరికి చెప్పాలె?"

నా కడుపు నిండిపోయింది. మా ఇంట్లో నా తర్వాత అడిగే మనిషి ఒకరున్నారు.

"ముందు మొత్తం చదువు. తర్వాత చూద్దాం."

పాప వేలు పైకెత్తి బోర్డు మీద ఒక్కో అక్షరం చూపించడం మొదలుపెట్టింది. రాని అక్షరం దగ్గర నా వైపు తిరుగుతోంది, నేను చెబుతున్నాను. వెనక జనం ఆగిపోయారు. బ్యాగు తగిలించుకున్న ఒకతను, "అమ్మా, జర పక్కకు జరుగుతరా, దారి మధ్యల ఉన్నరు," అన్నాడు.

"పిల్ల చదువుతుంది, కనవడ్తలేదా?" అన్నాను.

అతను బోర్డు చూశాడు, పాపను చూశాడు, గోడ వెంబడి చుట్టూ తిరిగి పోయాడు.

"మ మీద ఏందో ఉంది బాపమ్మ," అన్నది పాప.

"గుడి. గుడి పెడితే మి. కానీ గిది చూడు, గుడికి తోక ఉంది..."